వనభోజనాల తర్వాత జ్వరమొస్తే ముందు మచ్చ వెతకండి

పోయిన కార్తీకంలో మా వీధివాళ్లం కాలువ గట్టు పక్క కొబ్బరితోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. పన్నెండో రోజున పక్కింటి పిన్నిగారికి జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి కాబట్టి డెంగీయే అన్నారు. ఐదు రోజులు ఇంటి దగ్గరే ఇంజెక్షన్లు. ఆయాసం మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే, లంగా బొందు కింద నల్లటి పెచ్చును ఒక నర్సు చూసింది. స్క్రబ్ టైఫస్, పురుగు కుడితే వచ్చే జ్వరం! పిన్నిగారు బతికారు, ఐసీయూలో పదకొండు రోజులుండి. 2025 చివర్లో మన రాష్ట్రమంతా వార్తల్లో విన్న జబ్బే.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పార్కుల్లో పిడుదులు కుట్టి లైమ్ వ్యాధి వస్తోందని ఫోన్లో చెప్తుంటే, మనవాళ్లు గేదె మీది పిడుదుల్ని చూసి హడలిపోతున్నారు. డెల్టాలో ముందు జాగ్రత్త పడాల్సింది వాటికంటే చాలా చిన్నదాని గురించి. చిగ్గర్ అంటారు, మైట్ అనే సూక్ష్మ పురుగు పిల్ల (మంచం నల్లి కాదు), కంటికి ఆనదు. ఎలుకలు తిరిగే గడ్డిలో ఉంటుంది: చేనిగట్లు, ఇళ్లు కట్టని లేఔట్లలో పెరిగిన పిచ్చిమొక్కలు, వాకింగ్ పార్కులో ఎవరూ కోయని అంచులు. కుట్టినా నొప్పి తెలీదు. 6 నుంచి 21 రోజుల్లో జ్వరం వస్తుంది. అప్పటికి వనభోజనాల సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందరూ చేసే తప్పు ఒకటే. ఒళ్లు వెతకరు. సిగరెట్టుతో కాల్చినట్టుండే ఆ నల్ల పెచ్చు చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద, మోకాలి వెనక దాక్కుంటుంది. దురద పెట్టదు, నొప్పి ఉండదు. సిగ్గుపడి ఎవరికీ చూపించరు.

బయల్దేరేముందు ఫుల్ చేతులు, పొడుగు ప్యాంటు, సాక్సు వేసుకోండి. కాళ్లకు, నడుముకు డీట్ అనే పురుగుల్ని తరిమే మందు ఉన్న దోమల క్రీము రాయండి. ఉసిరిచెట్టు కింద నేల మీద కాకుండా మందపాటి పట్టా పరిచి కూర్చోండి, లేచాక దులపండి. పిల్లల్ని గడ్డిలో దొర్లనివ్వకండి. బట్టలు పొదల మీద ఆరేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేయండి, చర్మం మీద పాకుతున్న పురుగు కుట్టేలోపే పోతుంది. విడిచిన బట్టలు వేడినీళ్లలో వేయండి. నర్సరీల్లో పనిచేసేవాళ్లకూ, గడ్డి కోసేవాళ్లకూ ఇది రోజూ పాటించాల్సిన పని.

జ్వరం వచ్చిందా, ఒళ్లంతా వెతకండి. మచ్చ లేదని జబ్బు లేదనుకోకండి, చాలామందికి కనపడదు. గడ్డిలో తిరిగిన సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి. మామూలుగా వేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షను దీనికి పనిచేయదు. డాక్సీసైక్లిన్, గర్భిణులకైతే అజిత్రోమైసిన్ పనిచేస్తాయి, అదీ డాక్టరు రాస్తేనే. మూడో రోజు దాటి ఇంట్లో ఉంచొద్దు. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆ క్షణమే బండెక్కించండి. ముసలివాళ్లు చెప్పుకోరు, ఇంట్లో ఆడవాళ్లు అసలే చెప్పుకోరు. తలుపేసి, లైటు వేసి, మీరే చూడండి.