పడవలో నీళ్లు, తిరుపతిలో మెకానిక్

2020 మార్చి 18న మలేషియాలో లాక్‌డౌన్ మొదలైంది. అప్పుడు అక్కడి లంకావి దీవిలో ఒక తెరచాప పడవలోనే నా కాపురం. 17 నుంచే అక్కణ్ణుంచి మన దేశానికి విమానాలూ ఆగిపోయాయి. సరే, బియ్యం, చింతపండు ఉన్నాయి కదా అనుకున్నా.

ఏప్రిల్‌లో ఒకరోజు అడుగు పలక ఎత్తితే కింద నీళ్లు. మెకానిక్ రాడు, సామాను రాదు. టెన్షన్‌తో తిరుపతిలో మోటార్లు బాగుచేసే మామకు వీడియో కాల్ చేశా. ఆయన సముద్రం చూసిందే రెండుసార్లు!

"వేలు ముంచి నాకి చూడరా. ఉప్పగా ఉందా?"

ఉప్పే. అంటే తాగునీటి ట్యాంకు కాదు, బయటినుంచే వస్తున్నాయి. టార్చి వేశా. పడవను నెట్టే రెక్కలను తిప్పే ఇరుసు, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, బయటికెళ్లే చోట, ఇత్తడి నట్టు కింద చుక్క వెంట చుక్క.

"ఓస్, మన బావికాడి పంపులో నీళ్లు కారకుండా ఆపే గ్లాండే కదరా ఇది! లోపల షాఫ్ట్ చుట్టూ ఉండే తాడు అరిగుంటుంది. రవంత బిగించు, ఎక్కువొద్దు."

రెండు స్పానర్లు పట్టి, పెద్ద నట్టు కదలకుండా పట్టే లాక్ నట్టు వదులు చేశా. ఆరు పలకల పెద్ద నట్టును ఒక్క పలక మేర తిప్పా. కారడం ఆగింది. పడవను తాళ్లతో కట్టే ఉంచి, ఇంజన్ గేరులో నడిపి చూశా: నిమిషానికి రెండు మూడు చుక్కలు. అవి పడాలి, షాఫ్ట్‌కు చల్లదనం వాటితోనే. నట్టు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది.

"మరి కూలీ?" అన్నాడు మామ.