ఎండలు ముదిరేలోపే కూలెంట్ చూసుకోండి

బానెట్ ఎత్తి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఎంతుందో చూడటం రెండు నిమిషాల పని. అయినా ఇదే పనిలో చేతులు, మొహం కాల్చుకునేవాళ్లు ఉన్నారు. చాలామందికి కూలెంట్ గుర్తొచ్చేది టెంపరేచర్ ముల్లు పైకి పాకినప్పుడే. అప్పుడే కంగారుగా బండి పక్కకు ఆపి కూలెంట్ పోసే మూత మీద చెయ్యి వేస్తారు. ఆ మూత ముట్టుకోకూడని సమయం సరిగ్గా అదే. అందుకే ఈ పని ఎండలు ముదరకముందు, దూరప్రయాణానికి ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోవాలి.

వేడి మీద మూత తీస్తే ఏమవుతుందో తెలిస్తే ఎవరూ ఆ సాహసం చెయ్యరు. ఉత్త నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే ఇంకో ఆరేడు డిగ్రీలు ఆగుతాయి. దానికి తోడు మూత సుమారు ఒక బార్ (దాదాపు బయటి గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడిని లోపల పట్టి ఉంచుతుంది కాబట్టి 125 డిగ్రీల దాకా కూడా ఆ మిశ్రమం మరగకుండా ఉండగలదు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది. అప్పటిదాకా కదలకుండా ఉన్న ద్రవం ఆ క్షణంలోనే మరిగి, ఆవిరితో కలిసి పైకి చిమ్ముతుంది. ప్రెషర్ ఉండగానే కుక్కర్ మూత లాగడం లాంటిదే ఇది. పైగా బానెట్ కింద మీ మొహం సరిగ్గా దాని మీదే వంగి ఉంటుంది.

ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు చల్లారిపోదు. గంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అన్నిటికంటే మంచిది పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, సమతలమైన చోట చూడటం. వేడిగా ఉన్న ఇంజిన్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది. తాళం తీసేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలుపెట్టవచ్చు. వేళ్లు, వదులుగా వేలాడే బట్టలు, జుట్టు దాని దగ్గరకు పోనివ్వకండి.

ఎంతుందో చూడటానికి మూత తీయక్కర్లేదు. తెల్లటి ప్లాస్టిక్ రిజర్వాయర్ బాటిల్ మీద మిన్, మ్యాక్స్ అనో, లో, ఫుల్ అనో గీతలుంటాయి. చల్లటి ఇంజిన్‌లో ద్రవం ఆ రెండింటి మధ్య ఉంటే సరిపోతుంది. పాత బండ్లలో మాత్రం ఒక మోసం జరుగుతుంది. బాటిల్ పసుపెక్కి, లోపల ఏళ్ల తరబడి పట్టిన మరక గీతలా కనిపిస్తుంది. దాన్నే కూలెంట్ మట్టం అనుకుని బానెట్ మూసేస్తాం. బాటిల్ వెనక నుంచి టార్చి వేసి, బండిని చేత్తో కొంచెం ఊపండి. నిజంగా ద్రవం ఉంటే అంచు కదులుతుంది, మరక కదలదు.

రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న బండ్లలో, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ మూత కూడా తీసి చూడండి. వేడెక్కితే కూలెంట్ బాటిల్‌లోకి వెళ్తుంది, చల్లారితే తిరిగి రేడియేటర్‌లోకి రావాలి. మూతలో వాల్వు గానీ రబ్బరు సీలు గానీ పాడైతే వెనక్కి రాదు. బాటిల్ నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం వెలితిగా ఉంటుంది.

ఏది పోయాలన్నది బండి మాన్యువల్ చెప్పాలి, రంగు కాదు. పచ్చది, ఎర్రది, నీలం అని రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ. కానీ అన్ని కంపెనీలూ పాటించే రంగుల నియమం అంటూ లేదు. ఒకే రంగులో ఉన్న రెండు కూలెంట్ల లోపల రసాయనాలు వేరుగా ఉండొచ్చు. పడని రెండు రకాలు కలిస్తే తుప్పు నుంచి కాపాడే గుణం తగ్గుతుంది. కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి సన్నటి దారులు మూసుకుపోతాయి. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉందా, కాన్‌సన్‌ట్రేట్ అని ఉందా చూడండి. మొదటిదైతే నేరుగా పోయొచ్చు. రెండోదాన్ని చెప్పిన పాళ్లలో, మామూలుగా సగం సగం, డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. నీళ్లు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. వేడిని మోసుకుపోవడంలో నీళ్లదే పైచేయి. కుళాయి నీళ్లలోని లవణాలు లోపల పొలుసులా పేరుకుంటాయి. దారిలో వేరే గతి లేనప్పుడు చల్లారిన ఇంజిన్‌లో శుభ్రమైన నీళ్లు పోసి వర్క్‌షాప్ దాకా వెళ్లొచ్చు, టెన్షన్ పడక్కర్లేదు. తర్వాత సరైన మిశ్రమం మార్పించుకోవాలి.

మూత తీసేటప్పుడు మందపాటి గుడ్డ వేసి, కొంచెమే తిప్పి ఆగండి. బుస్సుమని చప్పుడొస్తే మళ్లీ బిగించేసి ఇంకాసేపు ఆగాలి. ఏ బాటిల్‌లో పోస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. వైపర్ నీళ్ల బాటిల్, బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా ఆ బానెట్ కిందే ఉంటాయి. బ్రేక్ ఆయిల్‌లో కూలెంట్ పడితే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవాల్సిందే. మ్యాక్స్ గీత దాటకుండా పోసి, మూత గట్టిగా బిగించి, ఒకసారి బండి తిప్పి చల్లారాక మళ్లీ చూడండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీకి వేరే కూలెంట్ ఉండొచ్చు. దాన్ని సర్వీస్ సెంటర్‌కే వదిలేయడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న దారిలో అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏడాదిలో కాస్త తగ్గితే పర్వాలేదు. నెలకోసారి పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతోంది. హోస్ పైపులు బిగించిన క్లాంపుల దగ్గర ఎండిపోయిన తెల్లటి లేదా రంగు పొడి ఉందేమో చూడండి, వాటర్ పంపు కింద తడి చూడండి. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపల జిడ్డుగా మసకబారితే హీటర్ దగ్గర లీకుంది. బయట ఎక్కడా తడి లేదు, పొగ గొట్టం నుంచి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగట్లేదు, డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ తెల్లబారి చిక్కగా ఉంది అంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయి ఉండొచ్చు. అప్పుడు పోస్తూ నడపడం ఇంజిన్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే. కూలెంట్ తుప్పు రంగులో ఉన్నా, పైన నూనె తేలుతున్నా అంతే, పోయడం ఆపి చూపించండి.

దారిలో ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ఏసీ ఆపి, ఇంజిన్ వేడిని కొంత లాగేయడానికి హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి, సురక్షితమైన చోట ఆపండి. ఇంజిన్ ఆపేయండి. ఆవిరి వస్తుంటే తగ్గేదాకా బానెట్ కూడా ఎత్తొద్దు. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే లోహం పగలొచ్చు. వేడెక్కిన బండిలో ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా తేరుకున్నట్టు కాదు. కూలెంట్ పూర్తిగా పోయి సెన్సర్‌కు తగలకపోతే అది తప్పు చూపించవచ్చు. ఒంటి మీద పడి కాలితే 20 నిమిషాల పాటు చల్లటి కుళాయి నీళ్లు ధారగా పోయాలి. ఐసు పెట్టొద్దు. మొహం మీదో కళ్లలోనో పడితే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి.

చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ నాకుతాయి, చిన్నపిల్లలు తాగేస్తారు. అది విషం. మొదట మత్తెక్కినట్టు తూలతారు, మధ్యలో తేరుకున్నట్టు కూడా అనిపించవచ్చు, ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. విరుగుడు ఉంది, కానీ త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఆ డబ్బా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగిలిన కూలెంట్‌ను మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి. దాని డబ్బాలోనే మూత బిగించి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. నేల మీద ఒలికితే గుడ్డతో ఒత్తి తీసి, ఆ చోటు నీళ్లతో కడగండి. పాతది కాలువలో పారబోయకుండా వర్క్‌షాప్‌లో ఇవ్వండి.