వానలకు ముందు రోడ్ బైక్ డిస్క్ బ్రేకులు మారుస్తున్నారా? కొనకముందే జత చూసుకోండి

డిస్క్ బ్రేకులతో ఉన్న చిక్కేమిటంటే, ఒకదానికొకటి పొసగని భాగాలు కూడా చాలాసార్లు చక్కగా బిగుసుకుంటాయి. స్టాండ్ మీద చక్రం తిరుగుతుంది, లీవర్ నొక్కితే ఆగుతుంది కూడా. తేడా బయటపడేది తడి రోడ్డు మీద, దిగుడులో, బరువంతా ముందు చక్రం మీదికి వచ్చినప్పుడు. కాబట్టి వానలు మొదలవకముందే, జేబులోంచి డబ్బు తీయకముందే, బైక్‌ను ఒకసారి నింపాదిగా చూసుకోండి.

చూసే వరస ముఖ్యం. ముందు ఫ్రేమ్, ఫోర్క్, అవి మారవు. తర్వాత హబ్ (చక్రం నడిమి భాగం), ఆ తర్వాత లీవర్లు, కాలిపర్లు (ప్యాడ్లను రోటర్‌కు అదిమేవి). రోటర్ (చక్రంతో తిరిగే లోహపు డిస్క్), ప్యాడ్లు అన్నిటికంటే చివర. చాలామంది దీన్ని తలకిందులు చేసి, తక్కువకు దొరికిన రోటర్ ముందు కొనేసి, మిగతావాటిని దానికి సర్దాలని చూస్తారు. తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. రిమ్ బ్రేక్ ఫ్రేముకు కాలిపర్ బిగించే చోటే ఉండదు. దానికి డిస్క్ పెట్టాలన్న ఆలోచన అక్కడితో వదిలేయండి.

ఫ్రేమ్ మీద కాలిపర్ కూర్చునే చోటు

పేర్లు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, స్కేలు చాలు. రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమికి కొలవండి. 74 మి.మీ. ఉంటే పోస్ట్ మౌంట్, 51 మి.మీ. ఉండి బోల్టులు పక్క నుంచి వస్తే పాత ఇంటర్నేషనల్ స్టాండర్డ్. ఇప్పటి రోడ్ బైకుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్లాట్ మౌంట్: వెనక 34 మి.మీ., ముందు ఫోర్క్ మీద 70 మి.మీ. పోస్ట్ మౌంట్ ఫ్రేముకు ఫ్లాట్ మౌంట్ కాలిపర్ బిగించే అడాప్టర్లున్నాయి. ఫ్లాట్ మౌంట్ ఫ్రేమ్ మీద పోస్ట్ మౌంట్ కాలిపర్ పెట్టడం మాత్రం మేం సిఫారసు చేయం. వెనక వైపు చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టం), సీట్‌స్టేల (సీటు కింద నుంచి వెనక చక్రానికి దిగే గొట్టం) మధ్య చోటు ఇరుకు, కాలిపర్ అక్కడ ఒదగదు.

ఫ్లాట్ మౌంట్‌లో అందరూ తేలిగ్గా తీసుకునేది వెనక బోల్టులు. ఇవి చైన్‌స్టే కింద నుంచి దూరి, స్టే మందమంతా దాటి, పైనున్న కాలిపర్‌లోకి ఎక్కుతాయి. స్టే ఎంత మందమో ఫ్రేమ్‌ను బట్టి మారుతుంది, కాబట్టి బోల్టు పొడవూ మారాలి. బ్రేకులు చేసే షిమానో కంపెనీ లెక్క సులువు: స్టే మందానికి 13 మి.మీ. కలపాలి. 20 మి.మీ. మందానికి 33, 25 మి.మీ.కి 38. పొట్టి బోల్టు పెడితే నాలుగైదు మరలే పట్టుకుంటాయి. బ్రేక్ వేసినప్పుడల్లా భారం వాటి మీదే పడి, ఒకరోజు కాలిపర్‌లోని మెత్తని అల్యూమినియం మరలు ఊడొస్తాయి. పొడుగు బోల్టు ఇంకా మోసకారి. దాని కొన రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కానీ కాలిపర్ ఫ్రేముకు అదుముకోదు. బిగించాక కాలిపర్‌ను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. వెంట్రుకవాసి కదిలినా బోల్టు తప్పే. షిమానో ఫ్లాట్ మౌంట్ కాలిపర్ బోల్టులకు బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకుండా కార్బన్ ఫ్రేమ్ జోలికి వెళ్లొద్దు.

రోటర్ సైజు: 140 లేక 160

రోడ్ బైకుల్లో ఈ రెండే ఎక్కువ. ఫ్లాట్ మౌంట్ ఫోర్క్ మీద కాలిపర్ కింద ఒక పలుచని ప్లేటు ఉంటుంది. దాన్ని ఒకవైపు పెడితే 140కి, తిప్పి పెడితే 160కి కాలిపర్ సరైన ఎత్తులో కూర్చుంటుంది. వెనక సాధారణంగా కాలిపర్ నేరుగా ఫ్రేమ్ మీద ఉంటే 140, మధ్యలో అడాప్టర్ వేస్తే 160. కొన్ని ఫ్రేములు పుట్టుకతోనే 160కి చేసినవి. వాటికి 140 పెట్టే దారి లేదు, ఎందుకంటే అడాప్టర్ కాలిపర్‌ను పైకి లేపగలదే గాని కిందికి దించలేదు. పెద్ద వైపు కూడా హద్దుంది: ఫోర్క్ తయారీదారు చెప్పిన గరిష్ఠ సైజు దాటితే, చోటు సరిపోయినా ఫోర్క్ కాలు ఆ బలానికి తయారైంది కాదు.

రోటర్ సైజుకూ ప్లేటుకూ పొంతన కుదరకపోతే ఏమవుతుందో దగ్గరగా చూడండి. కాలిపర్ 160 ఎత్తులో ఉంది, చక్రానికి 140 రోటర్ ఉంది. వ్యాసార్ధంలో 10 మి.మీ. తేడా. ప్యాడ్ అడుగంచు మాత్రమే రోటర్‌ను తాకుతుంది, పై భాగమంతా గాలిలో ఉంటుంది. తాకిన చోట ప్యాడ్ అరుగుతూ పోతుంది, తాకని చోట గట్టులా మిగిలిపోతుంది. కొన్నాళ్లకు ఎదురెదురు ప్యాడ్ల గట్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. అప్పుడు లీవర్ ఎంత నొక్కినా ఆ బలం గట్ల మీదే ఆగిపోతుంది, రోటర్ దాకా చేరదు. ప్యాడ్ కంటే సన్నని ట్రాక్ (ప్యాడ్ రాసుకునే పట్టీ) ఉన్న వేరే కంపెనీ రోటర్ వేసినా చిన్న మోతాదులో జరిగేది ఇదే. పాత ప్యాడ్లు ఊడదీసినప్పుడు అంచున గట్టు కనిపిస్తే, కొత్త ప్యాడ్లు కొనడం ఆపి, ముందు ఈ పొంతన సరిచేయండి.

హబ్, యాక్సిల్

రోటర్‌ను హబ్‌కు బిగించే పద్ధతులు రెండు: ఆరు బోల్టులు, సెంటర్ లాక్ (ఒకే రింగుతో బిగించేది). సెంటర్ లాక్ హబ్‌కు ఆరు బోల్టుల రోటర్ వేయడానికి అడాప్టర్ దొరుకుతుంది. ఆరు బోల్టుల హబ్ ఉంటే మాత్రం ఆరు బోల్టుల రోటరే కొనాలి. సెంటర్ లాక్ రింగులు కూడా రెండు రకాలు. లోపలి పళ్లున్నది క్యాసెట్ టూల్‌తో (వెనక గేర్ల చక్రాలు విప్పే పనిముట్టు) తిరుగుతుంది, 12 మి.మీ. యాక్సిల్‌కు సరిపోతుంది, 15 మి.మీ. యాక్సిల్‌కు బయటి పళ్లున్నది కావాలి. బిగింపు 40 న్యూటన్ మీటర్లు, అంటే చాలామంది అనుకునేదానికంటే బాగా ఎక్కువ.

చక్రాలు కూడా మారుస్తుంటే హబ్ వెడల్పు చూడండి: త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూరి ఫ్రేములోకి బిగిసే ఇరుసు) రోడ్ బైకుల్లో ముందు 12×100, వెనక 12×142 ఎక్కువ. యాక్సిల్ పోగొట్టుకుని కొత్తది కొనేవాళ్లు పొడవుతో పాటు మర దూరం (ఒక మర నుంచి పక్క మరకు) కూడా కొలవాలి. 12 మి.మీ. యాక్సిళ్లలోనే 1.0, 1.5, 1.75 మి.మీ. అని మూడు రకాలున్నాయి. తప్పుది రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే ఫ్రేమ్ మర పోతుంది.

లీవర్, కాలిపర్, నూనె

నూనె ఒత్తిడితో పనిచేసే (హైడ్రాలిక్) బ్రేకుల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. మినరల్ ఆయిల్ బ్రేకులో మినరల్ ఆయిలే, డాట్ బ్రేకులో డాట్ ఫ్లూయిడే. షిమానో, కాంపాగ్నోలో, మగూరా, టీఆర్‌పీ మినరల్ ఆయిల్ వాడతాయి. స్రామ్ రోడ్ బ్రేకులకు, హోప్‌లో చాలావాటికి డాట్. రెంటి సీళ్లకూ వాడే రబ్బరు వేరు. పొరపాటున రెండోది పోస్తే సీళ్లు ఉబ్బుతాయి, పిస్టన్ బయటికొచ్చాక వెనక్కి పోదు. కడిగేసి సరైన నూనె మళ్లీ పోస్తే సరిపోతుందని అనుకోకండి. ఉబ్బిన సీలు మామూలుకు రాదు, లీవరూ కాలిపరూ రెండూ మార్చాల్సిందే. బ్లీడ్ (నూనె నింపి లోపలి గాలి తీయడం) సిరంజిలు కూడా దేనికది విడిగా ఉంచి, పేరు రాసి పెట్టుకోండి. డాట్ 5 పేరు ఈ బ్రేకుల్లో వాడే డాట్ 5.1కి దగ్గరగా ఉందని మోసపోవద్దు. అది సిలికోన్ ద్రవం, ఈ బ్రేకులకు పనికిరాదు.

వానాకాలానికి ఇంకో సంగతి. డాట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 5.1 కనీస మరుగు స్థానం తేమ లేనప్పుడు 260 డిగ్రీలు, తేమ పట్టాక 180. పొడవైన దిగుడులో లీవర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే, పాతబడిన ఫ్లూయిడ్ ఆవిరి బుడగలు కడుతూ ఉండొచ్చు. నిరుడు మూత తీసిన సీసాను ఈ ఏడు వాడొద్దు. మినరల్ ఆయిల్ నీటిని కలుపుకోదు. అందుకే లోపలికి చేరిన చుక్క కిందికి దిగి, అన్నిటికంటే వేడెక్కే కాలిపర్‌లోనే కూర్చుంటుంది, 100 డిగ్రీలకు మరుగుతుంది.

ఒక కంపెనీ లీవర్‌కు ఇంకో కంపెనీ కాలిపర్ కలపడం, నూనె ఒకటే అయినా, మంచిది కాదు. లీవర్ నెట్టే నూనెకూ కాలిపర్ పిస్టన్లు అడిగే నూనెకూ లెక్క కుదరాలి. లీవర్ ఎక్కువ నెడితే తాకుడు రాయిలా ఉండి పట్టు తగ్గుతుంది, తక్కువ నెడితే హ్యాండిల్‌కు ఆనుకుంటుంది. హోస్ (నూనె గొట్టం) చివర వేసే ఆలివ్ (బిగించినప్పుడు నలిగి నూనె కారకుండా ఆపే చిన్న రింగు), ఇన్సర్ట్ (గొట్టం లోపల దూర్చే ముక్క) కూడా ఆ హోస్‌కు చెప్పినవే వాడాలి, ఒకసారి నలిగిన ఆలివ్‌ను మళ్లీ వాడకూడదు.

కేబుల్ డిస్క్ బ్రేకుల వాళ్లకు ఇదే సమస్య వేరే రూపంలో వస్తుంది. రోడ్ లీవర్ లాగే కేబుల్ తక్కువ, కొన్ని మౌంటెన్ కాలిపర్లు అడిగేది ఎక్కువ. టీఆర్‌పీ స్పైర్ రోడ్ లీవర్లకు, చూడ్డానికి దాదాపు అలాగే ఉండే స్పైక్ మౌంటెన్ లీవర్లకు. బీబీ7 అనే కేబుల్ కాలిపర్‌లో కూడా రోడ్, మౌంటెన్ వేర్వేరు. గేర్ కేబుల్ కేసింగ్‌ను బ్రేకుకు ఎప్పుడూ వేయొద్దు. అందులో తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేక్ ఒత్తిడికి కేసింగ్ పగిలి తీగలు బయటికొస్తాయి. నొక్కుకుపోని కేసింగ్ కావాలంటే బ్రేకుల కోసమే గట్టిపరిచి చేసినది అడగండి.

ప్యాడ్లు, రోటర్

ప్యాడ్ ఆకారం కాలిపర్‌ను బట్టి ఉంటుంది. పాత ప్యాడ్ వెనక రేకు మీద అక్షరం, అంకె ఉంటాయి, వాటితోనే కొనండి. తడిలో, ఇసుక బురదలో రెజిన్ ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. మెటల్ ప్యాడ్లు ఎక్కువ నిలుస్తాయి, కాకపోతే చప్పుడు ఎక్కువ, వేడిని పిస్టన్ వైపు ఎక్కువ పంపుతాయి. వానలకు మేం మెటల్ వైపే మొగ్గుతాం. కానీ ముందు రోటర్ చదవండి. దాని మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటే, ఆ ఉక్కు మెత్తనిది, మెటల్ ప్యాడ్ దాన్ని తినేస్తుంది. మెటల్‌కు తగిన రోటర్ మీద రెజిన్ వాడొచ్చు, దానికి అడ్డులేదు.

రోటర్ మందం కూడా జతలో భాగమే. షిమానోది కొత్తప్పుడు 1.8 మి.మీ., 1.5కి దిగితే మార్చాలి. స్రామ్‌ది 1.85, హద్దు 1.55. టీఆర్‌పీ అమ్మే 2.3 మి.మీ. రోటర్‌ను 1.8కి చేసిన కాలిపర్‌లో పెట్టొద్దు. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు అరగని అంచుకు తగిలి ఎక్కువ చూపిస్తాయి, మైక్రోమీటర్‌తో ప్యాడ్ తాకే చోటే కొలవండి. ప్యాడ్ పదార్థం 0.5 మి.మీ. మిగిలితే షిమానో మార్చమంటుంది. వానాకాలంలో అంతవరకు ఆగకండి, 1 మి.మీ. దగ్గరే మార్చేయండి.

కొత్త ప్యాడ్లు దూర్చేటప్పుడు పిస్టన్లు వెనక్కి పోకుండా మొండికేస్తే, ప్యాడ్లు అరిగి ఉన్నప్పుడు ఎవరో నూనె నింపారన్నమాట. బలంగా తోయకుండా, బ్లీడ్ చేసి అదనపు నూనె తీయండి. నూనె, గ్రీజు అంటిన చేతితో ప్యాడ్ ముఖం తాకొద్దు. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

అంతా బిగించాక, వాహనాలు లేని చదును రోడ్డు మీద మోస్తరు వేగం నుంచి నడక వేగానికి 20 సార్లు, కాస్త ఎక్కువ వేగం నుంచి 10 సార్లు తగ్గించండి. చక్రం పూర్తిగా ఆగనివ్వొద్దు. ఆగితే ప్యాడ్ పదార్థం ఒకేచోట అతుక్కుని తర్వాత దడదడ వస్తుంది. ముందు, వెనక బ్రేకులకు విడివిడిగా చేయండి. తిరిగొచ్చాక కాలిపర్, రోటర్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి. లీవర్‌ను గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోండి: మెల్లగా లోపలికి జారిపోతుంటే ఎక్కడో, బహుశా ఆలివ్ దగ్గర, నూనె కారుతోంది. అది తేలేదాకా ఆ బైక్ రోడ్డెక్కకూడదు.