ప్లూరలిజం విమర్శలు కలగాపులగం అవకుండా

గ్రూప్స్‌కో ఎంఏకో చదివేవాళ్ళు ప్లూరలిజం (అధికారం ఒక్కరి చేతిలో కాక చాలా గుంపుల మధ్య పంచుకుని ఉంటాదనే వాదం), దాన్ని విమర్శించినోళ్ళ పేర్లు ఊరికే బట్టీ పట్టొద్దు, హాల్లోకి పోయినాక అన్నీ కలిసిపోతాయి, నాకు అట్లే అయింది. మన చిత్తూరు తోతాపురి ధర మీటింగ్ ఒకటి మనసులో పెట్టుకోండి. రైతులు, మండీవాళ్ళు, పల్ప్ ఫ్యాక్టరీవాళ్ళు కూర్చుని ఒకసారి వీళ్ళ మాట, ఇంకోసారి వాళ్ళ మాట నెగ్గితే ప్లూరలిజం, అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ 1961లో అక్కడి న్యూ హేవెన్ ఊరిని చూసి చెప్పింది ఈ మాదిరే. ఏం మాట్లాడినా పైనుండే ఆ నలుగురే తేలుస్తారంటే అది ఎలీట్ విమర్శ, చెప్పింది సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్, ఆయన లెక్కలో ఆ నలుగురు అంటే అమెరికాలో కంపెనీలు, మిలిటరీ, ప్రభుత్వం పైవాళ్ళు. మిల్స్ రాసింది 1956లో, డాల్‌కి ముందే, కాబట్టి డాల్ 1961 స్టడీకి మిల్స్ జవాబిచ్చాడని మాత్రం రాయొద్దు ప్పా. అసలు ధర సంగతి మీటింగ్‌కే రానీకపోతే అది బక్రాక్, బరాట్జ్ ఇద్దరూ 1962లో చెప్పిన విమర్శ.

మార్క్సిస్టులు మీటింగ్‌ని పక్కన పెట్టి ఫ్యాక్టరీ ఎవురిది అని అడుగుతారు. పండిన కాయ ట్రాక్టర్‌లో గేటు బయట కుళ్ళిపోతా ఉంటాది, మిషన్ ఉన్నోడు ఇంకో రెండ్రోజులు ఆగగలడు, ఓటింగ్ పెట్టినా ఆ తేడా పోదు కదా. ఈ మార్క్సిస్టుల్లో మిలిబాండ్ అయితే పెద్ద అధికారులూ పెట్టుబడిదారులూ చాలావరకు ఒకే వర్గమోళ్ళు అంటాడు, పులాంట్జాస్ ఆ కుర్చీలో ఎవురు కూర్చున్నా వ్యవస్థ అట్లే నడిపిస్తాదంటాడు.