ఒంగోలు 1878: మీ పల్లె క్రైస్తవ చరిత్ర రాసేటప్పుడు

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది అక్కడే మొదలుపెడతారు. మీరు 1866కి వెళ్లండి. మాదిగ కులానికి చెందిన తోలు వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య ఆ ఏడాది ఒంగోలు బాప్తిస్టు మిషన్‌లో చేరాడు. సువార్త మాట అతని బంధుబలగం వెంట పల్లెపల్లెకూ పాకింది. అందుకే ముందు గీయాల్సింది వియ్యాల పటం: మీ పల్లె ఆడపిల్లలను ఏ ఊళ్లకిచ్చారో, కోడళ్లను ఏ ఊళ్ల నుంచి తెచ్చుకున్నారో రాసుకోండి. సువార్త నడిచిన దారి చాలావరకు అందులోనే కనిపిస్తుంది.

తర్వాత సంఘం రిజిస్టరు. బాప్తిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి అందులోని పేర్లను పల్లె జనాభాగా లెక్కగడితే తప్పుతుంది. కొత్త పేరు పెట్టుకున్నవాళ్లను తండ్రి పేరుతో, ఇంటిపేరుతో పోల్చి చూడాలి. మిషన్ కాగితాల్లో వెల్లంపల్లి ‘వెలుంపిల్లి’గా కనిపిస్తుంది. మీ ఊరి పేరునూ పలికే తీరును బట్టి వెతకండి. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రభుత్వ కాగితాలకు ఆ జిల్లా పేరుతోనే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో అడగాలి.

పెద్దవాళ్లు తెలుగు సంవత్సరాల పేర్లతో ధాత కరువు, ఈశ్వర కరువు అంటే 1876, 1877 అని రాసుకోండి. ‘గంజి కోసం చేరారు’ అనే మాట వినపడుతుంది. దాన్ని తేదీలతో తూచండి. కరువులో ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు, ఆ పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. తిరిగి మొదలైంది 1878 జూన్‌లో. అయితే కాలువ గట్టున పనికి మేస్త్రీలుగా నిలబడింది మిషన్ బోధకులే. ఆ పరిచయం పెంచిన నమ్మకాన్ని కాదనలేం. రెండూ రాయండి.

అన్నిటికన్నా ఎక్కువ పేజీలు ఇవ్వాల్సింది బతుకులో వచ్చిన మార్పుకి. విశ్వాసులకు మూడు కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని లేదు, చచ్చిన గొడ్డు మాంసం లేదు, విగ్రహారాధన లేదు. ఇవి ఊరి పనికట్టునే కదిలించాయి. చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలే. వాళ్లు రైతుకు చెప్పులు, కపిలబావికి (ఎద్దులతో నీళ్లు తోడే బావికి) తోలు బానలు కుట్టి, జాతరకు డప్పు కొట్టి, బదులుగా కళ్లంలో మేర (ధాన్యంలో వాటా), చచ్చిన గొడ్డు తీసుకునేవాళ్లు. డప్పు మానినా, ఆదివారం కోతకు రాకపోయినా మేర ఆగే ప్రమాదం ఉండేది. అందుకే ‘ఎందుకు చేరారు?’ అని అడగకండి, పొడి జవాబే వస్తుంది. ‘మొదట ఏ పని మానేశారు? ఆ ఏడు కళ్లంలో ఏమిచ్చారు? బడికి మొదట వెళ్లిందెవరు?’ అని అడగండి.

అచ్చు వేసే ముందు ఒక జాగ్రత్త. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. బతికున్నవాళ్ల పేరు పక్కన కులం, మతం కలిపి రాస్తే ఆ కుటుంబం సర్టిఫికెట్‌కే ఎసరు రావచ్చు. వాళ్లు ఒప్పుకుంటే తప్ప పేర్లు తీసేయండి.