గల్ఫ్ పైసలు ఇంట్లో నిలవాలంటే ఏం చేయాలి?

జగిత్యాల జిల్లాలో కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ ఊరికి పోయినా ఒక ఇల్లు కనిపిస్తుంది. ముందు గోడకు టైల్స్, మెట్లకు స్టీల్ రెయిలింగ్, పై అంతస్తులో కిటికీ ఉండాల్సిన చోట అడ్డంగా పేర్చిన ఇటుకలు. ఎవరిదని అడిగితే "దుబాయిల ఉంటడు" అంటారు. ఎన్నేళ్లయిందంటే పన్నెండో పదిహేనో చెబుతారు.

"బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని మన దగ్గర ఒక మాట ఉంది. సేద్యం చాలని ఇంటికి ఈ మూడే దారులని దాని అర్థం. వరంగల్ నేతగాళ్లకు బొంబాయి అంటే భివండి, అది కాకుంటే సూరత్. నేను రాసేది ఎక్కువగా దుబాయి దారి గురించే. రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం విదేశాల నుంచి దేశానికి వచ్చిన పైసల్లో తెలంగాణ వాటా 8.1 శాతం. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనదే. ఆ లెక్క చూసి మురిసిపోకండి, అందులో అమెరికా సాఫ్ట్‌వేర్ డాలర్లూ ఉన్నాయి. హైదరాబాద్ కొండాపూర్ ఫ్లాటుకు వచ్చే డాలరు, రాయికల్ పెంకుటింటికి వచ్చే దుబాయి దిర్హాము అక్కడ ఒకే పద్దు.

మా అన్న 2011లో షార్జా పోయాడు. మొదటి మూడేళ్లు ఇంటికి వచ్చిన పైసలు ఎటు పోయాయో మాకెవరికీ తెలియదు. తర్వాత వదిన ఒక పొడుగు ఖాతా పుస్తకం కొన్నది. ఎడమ పక్క "అ", కుడి పక్క "మి" అని రాసి గీత కొట్టింది. అంటే అసలు, మిత్తి (వడ్డీ). మా ఇంట్లో లెక్క మారింది ఆ గీతతోనే. వచ్చే పైసలు పెద్దగా పెరగలేదు, అవి పోయే వరుస మారింది. ఆ వరుసే కింద రాస్తున్నాను.

విమానం ఎక్కకముందు

ఇక్కడ తప్పితే తర్వాత ఎంత పొదుపు చేసినా పూడదు. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మన ఊళ్లలో లక్ష, లక్షన్నర అడిగే మనిషి చాలాసార్లు లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా కాదు, అతని కింద తిరిగే సబ్ ఏజెంటు. కాయితం ఇవ్వడు, ఫోన్‌పే వద్దంటాడు, నగదే కావాలంటాడు. నగదు అడిగాడంటే అక్కడే ఆగిపోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశాల్లో ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది. ముందు అక్కడ అడిగి చూడటంలో పోయేదేమీ లేదు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న ముద్ర) కిందికి వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. దాన్ని తప్పించడానికి "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకుందాం" అంటారు. ఆజాద్ వీసా అని, పేరుకే యజమాని ఉండి పని బయట వెతుక్కునేది, ఇంకొకటి అమ్ముతారు. రెండూ చివరికి కల్లివెల్లి (కాయితాలు లేని) బతుకుకే చేరుస్తాయి. దొరక్కుండా దాక్కోవడం, ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కోసం ఎదురుచూడటం.

క్లియరెన్సుతో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. అయితే ఆ "ప్రమాదం" అన్న మాట దగ్గర జాగ్రత్త. గల్ఫ్ నుంచి మన ఊళ్లకు వచ్చే శవపేటికల్లో రాత్రి పడుకుని తెల్లారి లేవనివాళ్లవి తక్కువేం కాదు. గుండెపోటుకు ఆ 10 లక్షలు రావు. అందుకే పోయేముందే బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా తీసుకోవాలి. ఏడాదికి 436 రూపాయలు, చావుకు కారణం ఏదైనా 2 లక్షలు. 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు. ఖాతాలో ఆ 436 లేక పాలసీ ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఆ కోత పడే మే నెలాఖరులో ఖాతా ఒకసారి చూసుకోండి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024లో ఉత్తర్వు తెచ్చింది. ఏది రావాలన్నా కాయితాలు కావాలి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పాలసీ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయి కదా అనుకోవద్దు, ఆ ఫోన్ ఆయనతోనే పోతుంది.

ఖాతాలు

ఇంటి ఖర్చుకు వచ్చే పైసలు భార్య పేరు మీదున్న ఖాతాలోకి రావాలి. ఇది ఇంట్లో గొడవ తెచ్చే మాట, తెలుసు. మా నాన్న నెల రోజులు మాట్లాడలేదు. కానీ కిరాణం, ఫీజులు, దవాఖాన అన్నీ చూసేది వదినైతే, ఆమె ప్రతి వంద రూపాయలకూ మామ దగ్గర చెయ్యి చాపడంలో అర్థం లేదు. తల్లిదండ్రులకు ఎంత అన్నది వేరుగా మాట్లాడుకుని నెలనెలా వాళ్ల ఖాతాలోనే వేయడం మర్యాద.

ఆయన పేరున ఉన్న పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (బయట ఉండేవాళ్లు ఇక్కడి రాబడికి వాడేది) మార్పించాలి. పని కోసం దేశం దాటిన మనిషికి మామూలు సేవింగ్స్ ఖాతా ఉండకూడదన్నది ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధన. మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, అది వేరే సంగతి. దాచుకునే పైసలకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా (బయట సంపాదించింది వేసుకునేది) తెరవాలి. దాని మీద వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, కావాలంటే తిరిగి బయటికీ పంపుకోవచ్చు.

పంపడం

మా అన్న ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు: "రేటు పెరుగుతదంట, ఇంకో పది రోజులాగి పంపిస్త." ఈ ఒక్క మాటకు కొంచెం లెక్క వేద్దాం.

దిర్హాము 23 రూపాయలు అనుకుందాం. నెలకు 900 దిర్హాములు పంపితే 20,700 రూపాయలు. నెలంతా ఆగితే రేటు 30 పైసలు పెరిగిందనుకోండి, కలిసొచ్చేది 270. అదే నెలలో ఊళ్లో నూటికి 3 రూపాయల మిత్తికి తెచ్చిన అప్పులో 20,000 తీరక నిలబడితే పడే మిత్తి 600. అప్పు ఉన్నన్నాళ్లూ రేటు కోసం ఆగడం నష్టపు బేరం. యూఏఈ దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరే కట్టేసి ఉంది. కాబట్టి రేటు పెరుగుతుందంటే రూపాయి పడుతుందని జోస్యం చెప్పినట్టే. దానికి లేబర్ క్యాంపులో రూమ్మేట్ మాట చాలదు.

ఎక్స్ఛేంజ్ దగ్గర బోర్డు మీద రేటును నమ్మకుండా "ఫీజు పోను ఇంటికి ఎన్ని రూపాయలు చేరతాయి?" అని అడగాలి. ఫీజు ప్రతిసారీ పడుతుంది కాబట్టి మూడుసార్లు కొంచెం కొంచెం పంపేకన్నా నెలకొకసారి పంపడం మేలు. హుండీలో, అంటే బ్యాంకు లేకుండా చేతుల మీద పైసలు పంపే దారిలో, రేటు కొంచెం ఎక్కువే ఇస్తారు, ఇంటికొచ్చి నోట్లు లెక్కపెట్టి పోతారు. అది చట్టవిరుద్ధం. పైసలు రాకపోతే అడిగే దిక్కు లేదు. రేపు ప్లాటు కొన్నప్పుడు పైసలు ఎక్కడివని అడిగితే చూపించే కాయితమూ ఉండదు.

అప్పు: ఇక్కడ ఆగి చదవండి

పోయేటప్పుడు చేసిన అప్పు తీరేదాకా గల్ఫ్ జీతం ఇంటిది కాదు, షావుకారుది. లక్షన్నర అప్పు, నూటికి 3 రూపాయల మిత్తి. మొదటి నెల మిత్తే 4,500. నెలకు 10,000 చొప్పున కడితే తీరడానికి 20 నెలల పైన పడుతుంది, మిత్తి కింద పోయేది 50,000 దాటుతుంది. అదే 15,000 కడితే ఏడాదికి తీరుతుంది, మిత్తి 31,000 దగ్గర ఆగుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి షావుకారు అప్పు ఒకేసారి కట్టేయడం ఇంకా నయం. నెలకు నూటికి రూపాయి చొప్పున పడిందనుకున్నా, అదే 10,000 చొప్పున 16, 17 నెలల్లో తీరుతుంది, మిత్తి 13,000 చిల్లర. పుస్తెలతాడు కుదువపెట్టడం అరిష్టం అనేవాళ్లు ఉంటారు. నూటికి మూడు కట్టడం అంతకన్నా పెద్ద అరిష్టం అని వదిన అన్నది. నేను ఒప్పుకున్నాను.

ఇందులో ఒక మెలిక ఉంది. కొందరు షావుకార్లు అసలును ముక్కలుగా తీసుకోరు. "ఇచ్చినప్పుడు ఒక్కటేసారి ఇయ్యి, అప్పటిదాక మిత్తి కట్టు" అంటారు. అప్పు తెచ్చేనాడే ఈ మాట తేల్చుకోవాలి. ఒప్పుకోకపోతే అసలు కోసం పంపిన పైసలు బ్యాంకులో వేరుగా పోగు చేసి ఒక్కసారే కట్టాలి. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక తేదీతో జమ రాయించి సంతకం పెట్టించండి. పూర్తిగా తీరిన రోజు నోటు చేతికి తీసుకుని అక్కడే చింపేయాలి. మా ఇంట్లో ఒకసారి నోటు తీసుకోకుండా వచ్చాం. రెండేళ్లకు అదే నోటు మళ్లీ తలుపు తట్టింది. ఊరి పెద్దమనుషుల ముందు కూర్చుంటే గానీ తెగలేదు.

అప్పు తీరాక మూడు నెలల ఇంటి ఖర్చు, ఒక విమానం టికెట్టుకు సరిపడా పైసలు ముట్టకుండా పక్కన పెట్టాలి. 2020లో కరోనాకు పని పోయి వచ్చినవాళ్లలో ఈ పైసలున్న ఇల్లు, లేని ఇల్లు ఎలా బతికాయో మా వాడలోనే చూశాను.

ఇల్లు, భూమి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. మనోళ్లు రెండూ ఒకే సెలవులో చేస్తారు. ఇల్లు వద్దని నేననను. పెంకుటింట్లో పుట్టినవాడికి స్లాబు ఇల్లు ఇజ్జత్, అది లెక్కల్లోకి రాదు. కానీ కిందంతా పూర్తిచేసి తలుపులు, కిటికీలు పెట్టి అందులోకి దిగాకే పై అంతస్తు మాట ఎత్తాలి. పిల్లర్లు లేపి పైసలు అయిపోయి ఆగిన ఇల్లు, అది కట్టిన మనిషిని ఇంకో రెండు కాంట్రాక్టుల పాటు ఎడారిలోనే కట్టేస్తుంది.

భూమి విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. విదేశంలో పనిచేస్తూ ఎన్‌ఆర్‌ఐ అయిన మనిషి మన దేశంలో సాగు భూమి తన పేరున కొనకూడదు. ఇంటి జాగా, ఇల్లు, షాపు కొనవచ్చు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. ఊళ్లో ఉంటున్న భార్య తన పేరున పొలం కొనుక్కోవచ్చు. రిజిస్ట్రేషన్‌కు ముందు ఈ ముక్క వకీలును అడగండి, దస్తావేజు రాసేవాడిని కాదు.

పైసలు పైసలను తెచ్చే దారి

ట్రాక్టరు, హార్వెస్టరు, ఆటో కొని పెట్టడం మా వైపు మోజు. నడిపే మనిషి గల్ఫ్‌లో, బండి ఇంటి ముందు చెట్టు కింద. ఇంట్లో ఉన్నవాళ్ల చేతిలో నడిచే పనిలోనే పెట్టాలి. వదిన మహిళా సంఘంలో అప్పు తీసుకుని ఒక బర్రెతో మొదలుపెట్టింది, ఏడాది పాలలెక్క చూశాకే రెండోది కొన్నది. చిట్టీ వేస్తే రిజిస్టరైన చిట్టీయే వేయాలి. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, తెలిసినాయన నడిపే చిట్టీకి ఆయన మాటే బీమా.

అన్నిటికన్నా లాభసాటి పెట్టుబడి ఆయన చేతి పని అని నా నమ్మకం. హెల్పర్‌గా పోయినవాడు పదేళ్లకూ హెల్పర్‌గానే ఉంటే రేటు పెరిగినా తరిగినా ఒకటే. రెండు కాంట్రాక్టుల మధ్య సెలవులో వెల్డింగో, ఏసీ మెకానిక్ పనో, హెవీ డ్రైవింగో నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నిర్మాణ పనుల్లో శిక్షణకు హైదరాబాద్‌లో న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. మా అన్న సెలవుల్లో పెళ్లిళ్లకు తిరగడం తగ్గించింది ఆరేళ్ల తర్వాత, అదే ఆలస్యం.

భివండి, సూరత్ పోయేవాళ్లకు వీసా గొడవ లేదు గానీ మిగతా వరుస ఇదే. వాళ్లు రేషన్ కార్డు ఊళ్లో వదిలేసి బియ్యం కొనుక్కుంటారు. ఒకే దేశం ఒకే రేషన్ కింద అక్కడి షాపులోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

ఊరంతా కలిసి ఏదైనా చేయాలనుకుంటే మెక్సికోలో ఒక పద్ధతి నడిచింది. వలసపోయినవాళ్ల సంఘం ఊరి పనికి ఒక పెసో ఇస్తే కేంద్రం, రాష్ట్రం, స్థానిక ప్రభుత్వం తలా ఒకటి కలిపేవి. మనవాళ్లు గుడికి, బొడ్రాయి పండుగకు చందాలు పంపుతూనే ఉన్నారు. కానీ బడికి గదులు, ఊరికి నీళ్లు సర్కారు పని. ఆ భారం కూడా క్యాంపులో ఆరుగురితో ఒక గదిలో పడుకునేవాడి మీద వేయడం నాకు నచ్చదు.

తిరిగొచ్చేటప్పుడు

ఎప్పుడు రావాలో తేదీ పెట్టుకోండి. ఫైనల్ ఎగ్జిట్ కాయితం మీద సంతకం పెట్టేముందే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే పైసలు) ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. "నువ్వు పో, వెనకాల పంపిస్తం" అంటే ఆ పైసలు చాలాసార్లు రావు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత నెల జీతం. యూఏఈలో 1,000 దిర్హాముల బేసిక్‌తో ఆరేళ్లు చేసినవాడికి 3,500, ఆరో ఏటికి ఇంకో 1,000, మొత్తం 4,500 దిర్హాములు. మన లెక్కలో లక్ష దాటింది. మా అన్న జీతం 1,400 అని చెప్పుకునేవాడు. కాంట్రాక్టు తీసి చూస్తే బేసిక్ 800, మిగతాది తిండికి, అలవెన్సుకు. ఆ కాయితం పోయేనాటి నుంచీ బీరువాలోనే ఉంది.