పట్టా జరిగిందా? రెంచి తీసే ముందు సుద్దగీత చూడండి

260 మీటర్ల ప్యానెళ్లు, అంటే అతికిన పొడవాటి రైలు పట్టాలు, మోసే రేకు (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరస) గురించి ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "సార్, పట్టాలు జరిగిపోతున్నాయి, క్లాంపులు మార్చాలి." క్లాంపు దగ్గర గీత ఎక్కడుందని అడిగితే అవతల నిశ్శబ్దం. గీత గీయలేదన్నమాట. గీయకుండా చూసిందేమిటంటే, రేకు చివర పట్టాల కొసలు ఎగుడుదిగుడుగా ఉండటం. దాన్ని బట్టి క్లాంపు పోయిందని తీర్పు చెప్పేశారు.

లోడింగ్, లాకింగ్, టార్క్ రెంచి వాడకం మీకు తెలుసనే అనుకుంటున్నాను. రేకు కదలకుండా చక్రాల కింద స్కిడ్లు పెట్టడం, పైన 25 కేవీ తీగ ఉంటే కరెంటు బ్లాకు (తీగలో కరెంటు ఆపించడం) లేకుండా వ్యాగన్ ఎక్కకపోవడం కూడా కొత్తగా చెప్పక్కర్లేదు. నేరుగా విషయానికి వస్తాను.

ముందు ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. 13 మీటర్ల పట్టాలు ఇరవై అతికినా, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే 130 మీటర్లవి రెండు అతికినా ప్యానెల్ 260 మీటర్లే. 60 కిలోల పట్టా (మీటరుకి అంత బరువు) అయితే ఒక్కో ప్యానెల్ 15.6 టన్నులు. ఇది దాదాపు 20 వ్యాగన్ల మీద పరుచుకుని పోతుంది. బండి సాగుతుంది, కుంచించుకుంటుంది, పట్టా మాత్రం అంతే ఉంటుంది. అందుకే పట్టాను మధ్య వ్యాగన్ మీద ఒక్కచోటే క్లాంపుతో పట్టి, మిగతా అంతటా రోలర్ల మీద వదిలేస్తాం. పొడవాటి తాటి దూలాన్ని రెండెద్దుల బళ్లమీద వేసి, రెంటికీ మోకుతో బిగించి మలుపు తిప్పితే ఏమవుతుందో ఊళ్లో బండి తోలినవాడికి తెలుసు. మోకన్నా తెగాలి, బండన్నా పడాలి.

కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, క్లాంపు దగ్గర గీత కలిసే ఉంది

ఇది జబ్బే కాదు. లోడింగ్ అయ్యాక క్లాంపు దవడ మీద నుంచి పట్టా మీదకి పెయింటుతో ఒక గీత గీయండి. సుద్దముక్కైనా సరే, వాన పడకపోతే. గీత రెండు ముక్కలుగా విడిపోతేనే పట్టా జరిగినట్టు. కొసలు చూసి ఏమీ తేల్చలేం.

ఎందుకో లెక్క చూడండి. 4 డిగ్రీల వంపు అంటే వ్యాసార్ధం 437 మీటర్ల చిల్లర. వ్యాగన్ నడుమ నుంచి ఒక మీటరు పక్కకున్న ప్యానెల్‌ని తీసుకోండి. క్లాంపు నుంచి కొస దాకా 130 మీటర్లు. వంపు మీద నిలబడ్డప్పుడు బయటివైపు పట్టా చివరి వ్యాగన్ మీద 30 సెంటీమీటర్లు లోపలికి పోయినట్టు, లోపలివైపుది అంతే బయటికి వచ్చినట్టు కనబడుతుంది. అంటే రెండు అంచుల పట్టాల మధ్య 60 సెంటీమీటర్ల తేడా. బండి తిన్నని లైను మీదకి రాగానే అన్నీ మళ్లీ వరసకి వచ్చేస్తాయి. యార్డులో వంపు లైను మీద రేకు నిలబెట్టి, ఫోటో తీసి, "జరిగిపోయింది" అని పంపినవాళ్లు నాకు బోలెడంత మంది తెలుసు.

దీనికి వ్యాగన్లను కలిపే కప్లింగుల లూజు కలపండి. ఒక్కో దగ్గర 5 సెంటీమీటర్లే అనుకున్నా, మధ్య నుంచి చివరికి పది కప్లింగులకి అర మీటరు. ఎండకి పట్టా 35 డిగ్రీలు వేడెక్కితే సగం ప్యానెల్ మరో 5 సెంటీమీటర్లు సాగుతుంది. అన్నీ ఒకేసారి ఒకే వైపు కలిస్తే 85 సెంటీమీటర్లు. చివరి అడ్డుగోడకీ పట్టా కొసకీ మధ్య మీటరుకి పైన ఖాళీ ఉండాలని డిజైన్‌లో పట్టుబట్టేది ఇందుకే. అడ్డుగోడ మీద దెబ్బ మచ్చలుంటే ముందు ఆ ఖాళీ కొలవండి. లోడింగ్‌లోనే పట్టాను నడిమికి కాకుండా ఒక పక్కకి వేసి ఉంటారు.

గీత తప్పింది, వరసలో పట్టాలన్నీ కలిసి జరిగాయి

ఇది క్లాంపు తప్పే. దవడ కింద గ్రీజు, తుప్పు పొరలు, మట్టి ఉన్నాయేమో చూడండి. రోలర్లకి గ్రీజు పెట్టినవాడే అదే చేత్తో దవడ తుడిచి ఉంటాడు. వైరు బ్రష్‌తో శుభ్రంగా గీకి బిగించండి. కొత్తగా బిగించిన బోల్టు మొదటి ఇరవై ముప్పై కిలోమీటర్లలో కాస్త కూర్చుంటుంది, కాబట్టి మొదట ఆగిన చోట మళ్లీ టార్క్ పెట్టాలి. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

గీత తప్పింది, కానీ రెండు మూడు పట్టాలకే, ప్రతిసారీ ఒకే వైపుకి

నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది ఇది. కాస్త ఓపిగ్గా చదవండి.

మూడు వరసల రేకు, వరసకి పది పట్టాలు. కింది వరసలో ఎడమవైపు రెండు పట్టాలు ప్రతి ట్రిప్పుకీ ముప్పై నలభై సెంటీమీటర్లు ముందుకి జరిగేవి. వెనక్కి ఎప్పుడూ రాలేదు. అందరిలాగే నేనూ దవడలు మార్చాను. మళ్లీ జరిగాయి. బోల్టులు పెద్దవి వేయించాను. ఆ ట్రిప్పులో పట్టా జరగలేదు గానీ, క్లాంపు ఫ్రేమును వ్యాగన్ నేలకి అతికించిన వెల్డు చీలింది. అప్పటికి గానీ బుర్రకి ఎక్కలేదు. క్లాంపు బాగానే పట్టుకుంటోంది, ఎక్కడో ఇంకొకడు కూడా పట్టుకుని లాగుతున్నాడు.

ఆ రెండోవాణ్ని కనిపెట్టింది నేను కాదు. మా పాత ఫిట్టర్ ఒకాయన రేకు పొడుగునా నడిచి వచ్చి, "సార్, నాలుగో వ్యాగన్ దగ్గర పట్టా తల అద్దంలా మెరుస్తోంది, ఒకసారి చూడండి" అన్నాడు. వెళ్లి చూస్తే కింది వరస పట్టా తల మీద బొటనవేలంత వెడల్పున తళతళలాడే చార. దానికి సరిగ్గా పైన రెండో వరసని మోసే అడ్డదూలం.

ఆ దూలం కింది పట్టాలను తాకకూడదు. దాని బరువు పక్క గుంజల్లోని పిన్నుల మీద పడాలి. ఆ రేకును మొదట 52 కిలోల పట్టాలకి కట్టారు. 52 కిలోల పట్టా ఎత్తు 156 మిల్లీమీటర్లు, 60 కిలోలది 172. పట్టా మారింది గానీ దూలాల ఎత్తు ఎవరూ మార్చలేదు. అంటే తల మీద ఉన్న ఖాళీలో 16 మిల్లీమీటర్లు అక్కడే పోయాయి. మిగిలిన నాలుగైదు మిల్లీమీటర్లలో పిన్ను రంధ్రం అరుగుడు కొంత తిన్నది, దూలం వంపు మిగతాది తిన్నది. వ్యాగనుకి రెండు దూలాలుంటే ఒక్కో దూలం మీద పై వరస బరువు నాలుగు టన్నుల పైమాటే. పిన్ను అరిగిన ఎడమవైపు దూలం దిగి, ఆ బరువులో చాలా భాగం కింద రెండు పట్టాల తలల మీద కూర్చుంది. మధ్యలో ఉన్న క్లాంపుకి తెలియకుండా అక్కడ ఇంకో క్లాంపు తయారైందన్నమాట.

ఒకే వైపుకి ఎందుకు జరుగుతోంది? అది అతుకు పని. 13 మీటర్ల పట్టాలతో అతికిన ప్యానెల్‌లో 19 వెల్డులుంటాయి. ఎంత గ్రైండ్ చేసినా అతుకు దగ్గర రవ్వంత ఉబ్బు మిగలొచ్చు. అది దిగిన దూలానికి ఒక పక్కన వచ్చి ఆగితే, ఒకవైపు పట్టా జారుతుంది, రెండోవైపు గడియ వేసినట్టు ఆగిపోతుంది. బండి కుంచించుకున్నప్పుడు జారి, సాగినప్పుడు తగులుకుంటుంది. తగులుకున్న క్షణంలో క్లాంపుకీ నాలుగో వ్యాగనుకీ మధ్య కప్లింగుల మీద పడాల్సిన లాగుడులో కొంత పట్టా మీదకి వస్తుంది. వ్యాగ్-9 ఇంజన్ బయల్దేరేటప్పుడు లాగే బలం 46 టన్నుల దాకా ఉంటుంది. అందులో పదో వంతు వచ్చినా ఏ దవడ నిలుస్తుంది?

ఇది దొరక్కపోవడానికి కారణం కూడా చెప్పాలి. పరీక్షలన్నీ మనం ఖాళీ రేకు మీద చేస్తాం. ఖాళీగా ఉన్నప్పుడు దూలం తిన్నగా ఉంటుంది, రోలర్ వేలితో తిప్పినా గిర్రున తిరుగుతుంది. పై వరసలు పడ్డాకే దూలం దిగుతుంది. అప్పుడు కిందికి వంగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, రేకు కదలాలన్న తొందరే.

పరీక్ష ఇలా చేయండి. 10 మిల్లీమీటర్ల మందం ప్లేటు ముక్క ఒకటి, అరచేతి పొడవు, కోయించుకోండి. వరసలన్నీ లోడయ్యాక ప్రతి వ్యాగన్ దగ్గర, ప్రతి దూలం కింద, రెండు అంచుల్లోనూ నడిమిలోనూ పట్టా తలకీ దూలానికీ మధ్య దూర్చండి. దూరని చోట ఎర్ర పెయింటు. రోలర్లకైతే ముఖం మీద సుద్దతో నిలువు గీత గీసి, ఇంజన్‌తో రేకును మెల్లగా కొన్ని మీటర్లు లాగించి, ఆపి, వెనక్కి నెట్టించండి. పట్టా జరిగినా గీత తిరగని రోలర్ బిగుసుకున్నట్టే. మధ్య వ్యాగన్ పక్క రోలర్లు తక్కువ తిరుగుతాయి, చివరివి ఎక్కువ తిరుగుతాయి, అది సహజం.

బిగుసుకున్న రోలర్ ఒక్కటే అయితే నేను పెద్దగా కంగారు పడను. ఒక్కో ఆధారం మీద పట్టా బరువు 430 కిలోలు, రాపిడి మహా అయితే వంద కిలోలు. దూలం దిగి పట్టాను పైనుంచి నొక్కినప్పుడే ఆ రోలర్ ఆ నొక్కుడుకి కింది దవడ అవుతుంది. అన్నట్టు, బిగుసుకున్నవాటిలో సగం వర్క్‌షాప్‌లో పెయింట్ కొట్టినప్పుడు పిన్ను సందుల్లోకి రంగు పోయి బిగుసుకున్నవే. రేకు కొత్తగా మెరుస్తూ వస్తే నాకు భయం.

సరిచేయడం పెద్ద పని కాదు. అరిగిన పిన్ను రంధ్రాలను బోరు చేసి బుష్ వేయండి, రంధ్రం చుట్టూ వెల్డుతో నింపి మళ్లీ డ్రిల్ చేసే ముతక పని వద్దు. దూలం కూర్చునే చోట ప్యాకింగ్ ప్లేటు వేసి ఎత్తు 172కి సరిపోయేలా పెంచండి. నిండు లోడు మీద కూడా 10 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, డ్రాయింగు మీద ఉంటే చాలదు. పై వరస ఎత్తు పెరిగితే మొత్తం లోడు ఎత్తు హద్దులో ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. కొత్త రేకు డిజైన్ చేస్తుంటే రెండు పట్టాలకీ పిన్ను రంధ్రాలు విడిగా పెట్టండి. మా రేకుకి ఆ పని చేశాక, పాత బోల్టులే తిరిగి వేసినా గీత కదల్లేదు.

ఇదే జబ్బు మనుషులు తెచ్చిపెట్టే రూపం ఒకటుంది. "ఎందుకైనా మంచిది" అని చివరి వ్యాగన్‌లో గొలుసు వేసి పట్టాలను బిగించేస్తారు. కనబడితే విప్పించండి. వేసినవాడికి దూలం కథ చెప్పండి.

పక్క గుంజలు వంగుతున్నాయి

పట్టా వంగదు కాబట్టి గుంజ వంగింది అంటారు. పట్టా వంగుతుంది. 10 డిగ్రీల వంపులో, అంటే 175 మీటర్ల వ్యాసార్ధంలో, 60 కిలోల పట్టా అడుగు అంచున వచ్చే ఒత్తిడి 90 మెగాపాస్కల్స్ కూడా ఉండదు. 880 గ్రేడు పట్టాకి, అంటే 880 మెగాపాస్కల్స్ దాకా తెగని ఉక్కుకి, అది లెక్కలోకి రాదు. గుంజలు వంగేది ఎక్కువగా యార్డులో, ఒక క్రాసోవర్ (పక్క లైనుకి మారే చోటు) నుంచి వెంటనే ఇంకోదానిలోకి వేగంగా తోసినప్పుడు. షంటింగ్ వేగం తగ్గించండి. దించేటప్పుడు ఒకే పక్కవి ఖాళీ చేశారేమో కూడా అడగండి. ఎడమ నుంచి ఒకటి తీస్తే కుడి నుంచి ఒకటి తీయాలి.

ఇంకా ఏవైనా

డ్రాఫ్ట్ గేర్ (కప్లింగు వెనక కుదుపు తట్టుకునే అమరిక) పగలడం, బోల్టు ఉక్కే నాసిరకం కావడం, వ్యాగన్ ఫ్రేమే మెలిక పడటం. ఇవి ఉండొచ్చు, నాకు ఎదురైనవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. గీత గీసి, ప్లేటు ముక్కతో రేకంతా నడిచి, రోలర్లకి సుద్ద పెట్టి చూశాకే వాటి జోలికి వెళ్లండి. ఫోన్ చేసేటప్పుడు ఏ వ్యాగన్‌లో ప్లేటు దూరలేదో ఆ నంబరు రాసుకుని చేయండి.